నింగిని నడచిన టపా, నిద్రపోని ఇండ్లు

అర్ధరాత్రి గడచినది. నాగపురపు సోనేగావ్ విమానాశ్రయమున ఉత్తరమునుండి ఒకటి, పడమటినుండి ఒకటి, తూర్పునుండి ఒకటి, దక్షిణమునుండి ఒకటిగా నాలుగు డకోటా విమానములు, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరముల ఉత్తరములను మోసికొని, చీకటిలో దీపముల వరుసను ఆనవాలు పట్టి ఒకదాని వెనుక ఒకటి దిగును. చోదకులు దిగి కాళ్లు సాచుకొను లోపుననే లక్కముద్రలు పడిన టపాసంచులు ఈ విమానమునుండి ఆ విమానమునకును, ఆ విమానమునుండి ఈ విమానమునకును మారిపోవును. మద్రాసు సంచి ఢిల్లీ విమానమెక్కును. కలకత్తా సంచి బొంబాయి విమానమెక్కును. ఈ పంపకము ముగిసిన వెంటనే నాలుగు విమానములును మరల లేచి, వచ్చిన దారినే పోయి, తెల్లవారకమునుపే తమతమ నగరములను చేరవలయును. పగటివేళ ఆ ఊళ్లలో తపాలా బంట్రోతు పేరు పెట్టి పిలిచి చేతికిచ్చు ఉత్తరము రాత్రి ఇట్లు దేశమధ్యమున చేతులు మారినదని, అందుకొన్నవారిలో ఎందరికి తెలిసియుండునో చెప్పజాలము. తెలిసినవారు మాత్రము కొందరు కలరు. వారు ఆ చోదకుల భార్యలు. ఆ రాత్రి కిటికీ దగ్గర కూర్చుండి మేఘములను చూచుట తప్ప వారికి వేరు పనిలేదు.

టపాపై మరల పుట్టిన ముచ్చట

2025లో రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపివేసినప్పుడు, ఉత్తరముల కాలమును ఎరిగిన పెద్దవారందరును ఒక్కమారు నిట్టూర్చిరి. కోర్టు సమనులు, భూమి పత్రములు, ఉద్యోగపు ఆర్డర్లు, చేతివ్రాలు పెట్టించుకొని గాని ఇయ్యని ఆ ఉత్తరముతో ముడిపడిన జ్ఞాపకములు ప్రతి ఊరిలోను లేచినవి. పెద్దేములు వంటి పల్లెలో ఆ నిట్టూర్పు మరికొంత దీర్ఘముగ వినవచ్చినది. ఏలయన తాండూరు, వికారాబాదు ప్రాంతమున ఉత్తరమనగా చాలకాలము రైలు తెచ్చి దింపిన వస్తువు. నిజాము ప్రభుత్వమువారి వాడి–సికింద్రాబాదు రైలుమార్గము 1874లో నడకకు వచ్చిననాటినుండి బొంబాయి టపా ఈ త్రోవనే హైదరాబాదు చేరుచుండెను. తాండూరు నాపరాళ్లును, కందులును పడమటికి పోయిన బండ్లలోననే, అటు పనికి పోయినవారి క్షేమ సమాచారములు తూర్పునకు వచ్చెను. స్టేషనున దింపిన సంచి అచ్చటినుండి కాలినడకనో, ఎడ్లబండిమీదనో పల్లెలకు పోవుచుండెను.

ఆ రోజులలో చదువరాని ఇంటికి ఉత్తరము వచ్చినచో దానిని ఇచ్చినవాడే చదివి వినిపించుటయు, చదివిన పిదప ఇంటి దూలమునకు వ్రేలాడు ఇనుపతీగకు గుచ్చి భద్రపరచుటయు వాడుక. ఏండ్లు గడచినకొలది ఆ తీగపై కార్డులును, కవర్లును మూరెడెత్తున పేరుకొనును. అడుగుననున్నవి హైదరాబాదు సంస్థానపు బిళ్లలతోను, పైనున్నవి భారత ప్రభుత్వపు బిళ్లలతోను కనబడును. నిజాము రాజ్యమునకు తన సొంత టపాశాఖ ఉండెను. అది 1950లో భారత టపాశాఖలో లీనమైనది. తాండూరు తాలూకా అప్పుడు గుల్బర్గా జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగిన తరువాతనే అది తెలుగువారి రాష్ట్రమునకు వచ్చినది. కావున ఒకే తీగపై రెండు ప్రభుత్వములు, రెండు జిల్లాలు గుచ్చబడియుండును. ఆ తీగనుండి నడుమ నొక కవరును తీసి చూచినచో, ఒక రాత్రి నాగపురమున చేతులు మారినదో, ఒక పగలు బళ్లారిమీదుగా ఎగిరినదో అది కావచ్చును.

బళ్లారి మజిలీ

తెలుగునాటికి ఆకాశపు టపా మొదట వచ్చినది బళ్లారికి. 1932 అక్టోబరు 15వ తేదీ ఉదయమున జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా, లండనునుండి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానము తెచ్చిన ఉత్తరములలో తన భాగమును కరాచీలో పుచ్చుకొని, ఒంటి ఇంజను గల పుస్‌మాత్ అను చిన్న విమానములో బయలుదేరి, అహమ్మదాబాదున ఎడ్లబండిమీద తెచ్చిన డబ్బాలలోని పెట్రోలు పోయించుకొని, మధ్యాహ్నమునకు బొంబాయి జుహూ మైదానమున దిగెను. అచ్చటినుండి ఆ సంచులను అందుకొని దక్షిణమునకు ఎగిరినవాడు ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్. ఆయన ఆ సాయంకాలము బళ్లారిలో దిగి, రాత్రి అక్కడనే ఆగి, మరునాడు మద్రాసు చేరెను. రాత్రివేళ ఎగురుటకు తగిన దీపములుగాని, దారిచూపు రేడియో సాధనములుగాని మార్గమున లేకుండుటచేతనే ఆ మజిలీ అవసరమైనది. బళ్లారి అప్పుడు మద్రాసు రాజధానిలోని దత్తమండల జిల్లా. తెలుగు, కన్నడములు రెండును ఇంటింట వినవచ్చు ఊరు. భారతదేశమునకు చెందిన పౌరవిమాన సేవ పుట్టిననాటి రాత్రి మన భాష మాటలాడు ఊరిలో గడచినదన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో ఎక్కడను కనబడదు. కనబడవలయునని నా కోరిక.

కొంతకాలమునకు బొంబాయి–మద్రాసు మార్గమున హైదరాబాదు మజిలీ అయినది. 1938 నాటికి ఆ దారి కొలంబో వరకు సాగినది. చోదకుడు ఒక్కడే. తోడు మాటలాడువాడు లేడు. పటమును మోకాలిపై పరచుకొని, క్రింద నదులను, చెరువులను, రైలుపట్టాలను చూచుకొనుచు పోవలయును. అమెరికాలో సైతము తొలినాటి టపా చోదకులు ఊరి పేరు తెలియనప్పుడు రైలుపట్టాలను పట్టుకొని పోయినవారే. వానమబ్బు క్రిందికి వ్రాలినచో చోదకుడును దానితోపాటు క్రిందికి దిగును. అట్లు దిగినప్పుడు ఎదుట గుట్ట యున్నచో చెప్పవలసినది లేదు. అమెరికా ప్రభుత్వము 1918లో ఆరంభించి సుమారు తొమ్మిదేండ్లు స్వయముగ నడపిన టపా విమానములలో ముప్పదిమందికి పైబడిన చోదకులు ప్రాణములు కోల్పోయిరి.

[పెట్టెలో] యమునపై మొదటి సంచి
ప్రపంచమున అధికారిక విమాన టపా ఆరంభమైనది మన దేశముననే. 1911 ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదు ప్రదర్శన సందర్భమున హెన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరములతో యమునానదిని దాటి నైనీలో దిగెను. ప్రయాణమంతయు కొన్ని నిమిషములు మాత్రమే. ఉత్తరములపై వసూలైన సొమ్ము అచ్చటి విద్యార్థి వసతిగృహమునకు చేరెను.

వెండితెరపై రాత్రి టపా

టాటా విమానము కరాచీనుండి లేచిన సరిగా ఏడాదికి, 1933 అక్టోబరులో, అమెరికాలో నైట్ ఫ్లైట్ అను చలనచిత్రము విడుదలయ్యెను. మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ తీసిన ఈ చిత్రమునకు క్లారెన్స్ బ్రౌన్ దర్శకుడు. డేవిడ్ సెల్జ్‌నిక్ నిర్మాత. జాన్ బారిమోర్, లయొనెల్ బారిమోర్, క్లార్క్ గేబుల్, హెలెన్ హేస్, రాబర్ట్ మాంట్‌గొమరీ, మిర్నా లాయ్ పాత్రధారులు. ఇందరు తారలను ఒక్కచోట చేర్చిన చిత్రమైనను దాని బ్రతుకు చిత్రమైనది. మూలగ్రంథపు హక్కుల గడువు తీరుటచేత 1942లో దానిని ప్రదర్శననుండి తొలగించిరి. మరల జనుల కంటబడుటకు 2011 వరకు పట్టినది. మూలగ్రంథము వ్రాసినవాడు సెంటెగ్జూపెరీ. ఆయన స్వయముగ టపా చోదకుడు. దక్షిణ అమెరికాలో బ్యూనస్ ఏరీస్ కేంద్రముగ నడచిన రాత్రి టపాలో పనిచేసినవాడు. 1944 జూలై 31వ తేదీన యుద్ధవిమానములో పోయి ఆయన తిరిగి రాలేదు.

కథ ఒక్క రాత్రిలో జరుగును. మూడు దిక్కులనుండి మూడు విమానములు బ్యూనస్ ఏరీస్ చేరవలయును; చేరిన టపాతో ఐరోపా విమానము బయలుదేరవలయును. ఒకటి ఆండీస్ పర్వతముల తుపానును దాటి చేరును. వేరొకటి, ఫేబియన్ అను చోదకుడు నడపునది, దక్షిణమునుండి వచ్చుచు గాలివానలో చిక్కుకొనును. క్లార్క్ గేబుల్ వంటి మహానటుడు ఈ పాత్రలో మాట ఆడుట బహు తక్కువ. ఇంజను హోరులో మాట వినబడదు గనుక వెనుక కూర్చున్న వైర్‌లెస్సు పనివానికి కాగితపు ముక్కపై వ్రాసి ఇచ్చుటయే ఆయన సంభాషణ. ఇక్కడ పెట్రోలు తరుగుచుండును. అక్కడ ఆయన యింట భార్య రాత్రి భోజనమునకు సిద్ధము చేసికొని గడియారము చూచుచుండును. రావలసిన వేళ దాటును. ఆమె విమానశ్రేణి కార్యాలయమునకు టెలిఫోను చేయును. జవాబిచ్చు గుమాస్తా తడబాటులోనే ఆమెకు సగము తెలిసిపోవును. తుదకు తానే కార్యాలయమునకు వచ్చి, గుమాస్తాల నడుమ, పటముల నడుమ నిలుచుండును.

చిత్రమంతటిలోను నన్ను కదలనీయక నిలిపినది ఈ ఘట్టమే. అధికారి రివియేర్ దుర్మార్గుడు కాడు. టపా నిలిచినచో రాత్రి సేవయే నిలిచిపోవునని, రైలుకంటె పగలు సంపాదించిన వేగము రాత్రి ఆగుటచేత వ్యర్థమగునని నమ్మినవాడు. ఎదుట నిలిచిన స్త్రీకి చెప్పుటకు ఆయనవద్ద మాట లేదు. ఆమెకు అడుగుటకు ప్రశ్న లేదు. ఒకరి పక్షమున కర్తవ్యము, వేరొకరి పక్షమున సంసారము, రెండును న్యాయమైనవే. అయితే చిత్రము తీసినవారు ఈ సంకటమును భరింపజాలకపోయిరి. ఆ టపాలో రియో నగరమున ఒక బిడ్డను పక్షవాత జ్వరమునుండి కాపాడవలసిన మందు ఉన్నదని పుస్తకమున లేని కల్పన నొకటి చేర్చిరి. మందు చేరును, బిడ్డ బ్రతుకును, చోదకుని మరణమునకు సమర్థన దొరకును. నాకు ఈ కల్పన నచ్చలేదు. సెంటెగ్జూపెరీ వ్రాసినది ఇంతకంటె నిజమైనది: ఆ సంచిలో ఉన్నవి మామూలు ఉత్తరములు. వ్యాపార లెక్కలు, పెండ్లి కబుర్లు, తల్లికి కొడుకు వ్రాసిన నాలుగు వాక్యములు. వానికొరకే ఒక మనుష్యుడు రాత్రి చీకటిలోనికి పోయెను. ఆ ప్రశ్నను జవాబు లేకయే ప్రేక్షకునికి అప్పగించి యుండవలసినది.

తెరమీద కాని కథ

హాలీవుడ్డు ఊహించిన ఆ సంసారము మన దేశమున నిజముగ ఉండెను. పి.డి. శర్మ అను చోదకుడు టపా విమానము నడపుటకు అనుమతి పొందిన మొదటి భారతీయుడు. కరాచీ–లాహోరుల నడుమ ఉత్తరములు మోసెను. ఆ కుటుంబమున చోదకులు తొమ్మండుగురు. పదునారేండ్ల వయసున ఆ ఇంటికి కోడలై వచ్చిన సరళ, అందరును ఎగురుచున్న ఇంట తానొక్కతె నేలపై నిలువనేలయని భర్త ప్రోత్సాహమున తానును విమానము నేర్చి, 1936లో, ఇరువదియొకటవ ఏట, నాలుగేండ్ల ఆడుబిడ్డ తల్లియై యుండగా, చీరకట్టుతో జిప్సీమాత్ విమానము నడపి అనుమతిపత్రము సంపాదించెను. అట్టి పత్రము పొందిన తొలి భారతీయ స్త్రీలలో ఆమె ఒకతె.

1939లో భర్త విమాన ప్రమాదమున మరణించెను. వృత్తిచోదకురాలు కావలయునని ఆమె శిక్షణకు ప్రయత్నించునంతలో యుద్ధము వచ్చి పౌరవిమాన శిక్షణ నిలిచిపోయెను. ఆమె లాహోరుకు మరలి చిత్రకళ నేర్చెను. దేశవిభజనతో కుమార్తెలతో ఢిల్లీకి వచ్చి, పునర్వివాహము చేసికొని, వస్త్రములపై అద్దకములును, నగల రూపకల్పనయు వృత్తిగా జీవించి, సరళా ఠక్రాల్ అను పేర ప్రసిద్ధికెక్కి, 2008లో కన్నుమూసెను. చిత్రములోని ఫేబియన్ భార్య కార్యాలయమునుండి ఇంటికి మరలిన పిదప ఏమయ్యెనో చిత్రము చెప్పదు. సరళ జీవితము చెప్పును. ఎదురుచూచిన ఇల్లాలికి మరుసటి ఉదయము ఉండునని, ఆ ఉదయమున పిల్లలకు పాలు కాచవలసియుండునని, సంపాదన వెదకికొనవలసియుండునని.

[పెట్టెలో] బేగంపేట చోదకురాలు
నిజాము రైల్వే, టాటాల భాగస్వామ్యమున 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థకు బేగంపేట కేంద్రము. స్త్రీ నడపినచో ప్రయాణికులు భయపడుదురని ఎన్నో సంస్థలు త్రిప్పిపంపిన ప్రేమ్ మాథుర్‌ను చోదకురాలిగా చేర్చుకొన్నది ఈ హైదరాబాదు సంస్థయే. భారతదేశమున వృత్తిచోదకురాలైన తొలి స్త్రీగా ఆమెకు ఖ్యాతి. 1949 జాతీయ విమాన పందెమున ఆమె గెలుపొందెను.

మంత్రి పట్టుదల, టాటా సందేహము

స్వాతంత్ర్యము వచ్చిన పిదప తపాలాశాఖను చూచిన మంత్రి రఫీ అహమద్ కిద్వాయి సాహసి. అదనపు రుసుము లేకయే ఉత్తరము విమానముపై పోవలయునని ఆయన తలచెను. 1949 జనవరిలో రాత్రి టపా ఆరంభమైనది. ఏప్రిలు 1వ తేదీనుండి మామూలు బిళ్ల అంటించిన ఉత్తరమును సైతము వీలున్నచోట విమానమెక్కించు పద్ధతి వచ్చినది. పెద్దేములువంటి పల్లెకు దీని ప్రయోజనము ప్రత్యక్షము: ఢిల్లీనుండియో, మద్రాసునుండియో వచ్చు కార్డు దూరప్రయాణము ఆకాశమున ముగించుకొని, చివరి మజిలీకి మాత్రమే తాండూరు రైలెక్కవలసినది. అణాలు లెక్క చూచుకొను ఇంటికి కూడ విమానము పనికి వచ్చిన కాలమది. ఈ ఒక్క కారణమున కిద్వాయిని నేను గౌరవింతును.

అయితే టాటా దీనిని వ్యతిరేకించెను. ఆయన పిరికివాడు కాడు. ఒంటరిగ కరాచీనుండి ఎగిరి వచ్చినవాడు. ఐనను, రాత్రి ప్రయాణమునకు కావలసిన నేలమీది సదుపాయములు చాలనంతవరకు అది క్షేమము కాదని ఆయన వాదించెను. ప్రభుత్వము వినలేదు. టాటాలు కాదన్న ఆ పనిని వేరు సంస్థలు పుచ్చుకొన్నవి. వారినుండి చేతులు మారి తరువాత మన దక్కన్ ఎయిర్‌వేస్ కూడ రాత్రి టపాను నడపినది. ప్రయాణికులను సైతము తక్కువ ధరకు ఆ విమానములలో ఎక్కించుకొనిరి. పగటి విమానమెక్కుటకు స్తోమత లేని గుమాస్తా, కార్మిక నాయకుడు, చిన్న వర్తకుడు టపాసంచుల ప్రక్కన కూర్చుండి పోవుటకు వీలైనది. రివియేర్ వాదమును, టాటా వాదమును ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు నా మనస్సు టాటా పక్షమునకే ఒరగును: వేగమును కోరుట తప్పు కాదు, దారిలో దీపము పెట్టక వేగమును కోరుట తప్పు.

1953 డిసెంబరు 12

1953 ఆగస్టు 1వ తేదీన ప్రభుత్వము దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పరచెను. నాలుగు నెలలు తిరిగినవో లేదో, డిసెంబరు 12వ తేదీ రాత్రి, నాగపురమున సంచులు మార్చుకొని లేచిన డకోటా ఒకటి కొద్ది క్షణములలోనే ఇంజను శక్తి కోల్పోయి నేలపై బడి తగులబడెను. పదుమువ్వురు మరణించిరి. బ్రతికి బయటపడినవాడు చోదకుడొక్కడే. మృతులలో కాన్పూరు కార్మికుల నాయకుడు, లోక్‌సభ సభ్యుడు హరిహరనాథ్ శాస్త్రి ఉండెను.

ఆ వార్త మరునాడు పత్రికలలో పెద్ద అక్షరములతో పడినప్పుడు పేరున్న ప్రయాణికునిగూర్చి వ్రాసిరి, వ్రాయవలసినదే. విమాన సిబ్బంది పేర్లు మాత్రము ఒక్క పంక్తిలో ముగిసినవి. ఆ సిబ్బందిలో ప్రతివానికిని ఒక ఇల్లు ఉండెను. రాత్రి టపా నడపువాని ఇంటి దినచర్యయే వేరు. సూర్యుడు దిగుచుండగా అతడు బట్టలు తొడుగుకొనును. పిల్లలు బడినుండి వచ్చు వేళకు తండ్రి పోవు వేళ యగును. తెల్లవారిన పిదప వచ్చి, పగలు తలుపులు మూసికొని నిద్రించును. ఇంటిల్లిపాది గుసగుసలతో మెలగుదురు. టెలిఫోను ఉన్నచో దాని గంట మ్రోగగూడదని కోరుకొనుటయే భార్యకు రాత్రి ప్రార్థన. ఇట్టి దినచర్య రెండు దశాబ్దములకు పైగా, రాత్రి టపా నడచినంతకాలము, నాలుగు నగరములలో వేలాది రాత్రులు సాగినది. దానిపై ఒక నవల లేదు, ఒక చిత్రము లేదు. తెలుగు చిత్రసీమ కుటుంబకథలకు పేరుపొందినదే. ఉమ్మడి కుటుంబపు కలహమును, అత్తాకోడళ్ల పోరును, దూరదేశపు భర్తకై వేచిన ఇల్లాలిని ఎన్ని విధముల చూపలేదు! బేగంపేటనుండి లేచిన డకోటాను మాత్రము తలయెత్తి చూడలేదు.

పల్లెకు చేరిన ఋణము

బేగంపేటనుండి సాధారణ ప్రయాణిక విమానములు 2008 మార్చి 23వ తేదీతో శంషాబాదుకు తరలిపోయినవి. బేగంపేటలో నేటికిని విమాన శిక్షణయు, అప్పుడప్పుడు విమాన ప్రదర్శనలును జరుగుచున్నవి. టాటా తొలి ప్రయాణమును ఆయనయే 1962లోను, మరల 1982లో తన డెబ్బదియెనిమిదవ ఏటను పునరభినయించి చూపెను. అట్లు దక్కన్ ఎయిర్‌వేస్ చోదకులను, మెకానిక్కులను, వైర్‌లెస్సు పనివారిని స్మరించు కార్యక్రమము హైదరాబాదున జరుగుట నాకు కానరాలేదు. ఆనాటి పనివారిలో నేడు మిగిలినవారు బహు స్వల్పము. వారి బిడ్డలే ముదుసలివారు. ఆ బిడ్డలు చెప్పగలిగిన కథ ఇంకను వ్రాయబడలేదు. ఆలస్యమైనచో వ్రాయుటకు ఎవరును మిగులరు.

వీరిలో ఎవరైన ఈ పంక్తులు చదువుచుండినచో, తండ్రి లాగుపుస్తకమునో, అనుమతిపత్రమునో, తల్లి దాచిన ఛాయాచిత్రమునో చెత్తకు వేయవలదు. పెద్దేములు, తాండూరు, కోట్‌పల్లి ప్రాంతముల ఇండ్లలో పాత తీగలు, ట్రంకుపెట్టెలు ఇంకను ఉన్నవి. ఇల్లు కూల్చి కట్టునప్పుడు మొదట పొయ్యిలోనికి పోవునవి ఆ కాగితములే. 1949నుండి 1955 వరకు ముద్రలు పడిన కవరు దొరకినచో, బిళ్ల చింపకుడు, నీటిలో నానబెట్టకుడు. కవరును కవరుగనే ఉంచుడు. తారీఖు ముద్రలు రెండును, పంపిన ఊరిదియు చేరిన ఊరిదియు, చూచినచో ఎన్ని దినములలో వచ్చినదో తెలియును. ఆ లెక్కయే ఒక చరిత్ర. దాచుటకు ఇంట చోటు లేనివారు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ కేంద్రమువారిని విచారింపవచ్చును. ఊరి పాఠశాల ఉపాధ్యాయులు పిల్లలచేత ఒక ఆదివారము ఈ కవర్ల జాబితా వ్రాయింపగలిగినచో, ఆ పని సంక్రాంతి సెలవులలోననే మొదలుపెట్టవలయునని నా మనవి.